కోహా నుంచి సభ్యుల ఇన్‌బాక్సు దాకా: గ్రంథాలయం మెయిలు పని డైరీ

మొదలుపెట్టే ముందు

మా ఊరి గ్రంథాలయంలో కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేరు కుదురుకుంది. పుస్తకాలన్నిటికీ బార్‌కోడ్లు పడ్డాయి. ఇవ్వడం, తీసుకోవడం అంతా అందులోనే నడుస్తోంది. డెబియన్ అనే లినక్స్ వేసిన ఒక చిన్న అద్దె సర్వరు, దాని మీద కోహా ప్యాకేజీ, గ్రంథాలయానికి సొంత డొమైను (వెబ్, మెయిలు చిరునామాల్లో వాడే పేరు) ఉన్నాయి. అయినా గడువు దగ్గరపడ్డ వాళ్ళకి గ్రంథాలయం చూసుకునే మాస్టారు ఇప్పటికీ రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నారు. తెలియని నంబరని కొందరు ఎత్తరు. రిజర్వు చేసిన పుస్తకం బల్ల మీదికి వచ్చినా అడిగిన మనిషికి కబురు అందదు. ఆ పుస్తకం ఎవరికీ అక్కరకు రాకుండా పడుంటుంది.

నాకు కావలసిన మెయిళ్ళు మూడు రకాలు: గడువుకు ముందు గుర్తుచేసేది, రిజర్వు పుస్తకం వచ్చిందని చెప్పేది, పాస్‌వర్డు మరిచిపోయిన వాళ్ళకి లింకు పంపేది. ఎస్సెమ్మెస్ పెట్టొచ్చుగా అని కమిటీలో అడిగారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థ పేరుతో వెళ్ళే ఎస్సెమ్మెస్‌కి ముందు డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థని, పంపేవారి హెడరుని (పంపినవారి పేరుగా కనబడేది), ప్రతి సందేశం నమూనాని నమోదు చేయించాలి. మా స్థాయికి అది తర్వాతి మాట. ముందు మెయిలు.

ఈ పనికి ఒక కొలమానం పెట్టుకున్నాను. సర్వరు లాగ్‌లో ‘పంపాను’ అని పడితే సరిపోదు. సభ్యుడి ఫోన్లో, ఇన్‌బాక్సులో, చదవగలిగే తెలుగులో కనబడాలి. కోహా కాకుండా మూడుల్ (పాఠాలకి), నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్ళకి) లాంటివి సొంత సర్వరు మీద నడిపేవాళ్ళకి కూడా ఇందులో సగం పైగా అచ్చంగా ఇలాగే ఉంటుంది.

శనివారం: 25 మూసి ఉంది

అన్నిటికంటే ముందు చూడాల్సింది సర్వరు నుంచి బయటి మెయిలు సర్వర్లకి దారి ఉందా లేదా అని. నెట్‌క్యాట్ అనే పరికరంతో జీమెయిల్ సర్వరు 25వ పోర్టు, అంటే మెయిళ్ళు చేరే తలుపు, తట్టాను. జవాబు లేదు. చాలాసేపు వేచి టైమౌట్ అయింది. ఇక్కడ తేడా గమనించాలి. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే అవతల ఆ పోర్టులో ఎవరూ వినడం లేదని. ఇలా మౌనంగా టైమౌట్ అయితే మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్లని మింగేస్తోందని. అద్దె సర్వర్లు ఇచ్చే సంస్థలు చాలావరకు బయటికి వెళ్ళే 25ని ముందే మూసి ఇస్తాయి. చవగ్గా ఒక సర్వరు తీసుకుని లక్షల స్పామ్ కొట్టి మాయమయ్యే వాళ్ళ వల్ల ఆ సంస్థల ఐపీల (సర్వర్ల అంకెల చిరునామాల) పరువు పోతుంది గనక. ఇందులో వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఈ గొడవంతా ఎక్కడిదంటే, జాన్ పోస్టెల్ 1982లో మెయిళ్ళు పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీకి ప్రమాణం, అంటే ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 821 రాసినప్పుడు పంపేది ఎవరో రుజువు చేసే ఏర్పాటు అందులో లేదు. ఒకరినొకరు ఎరిగిన కొద్ది యంత్రాల మధ్య అది అవసరం పడలేదు. ఎవరైనా ఎవరి పేరుతోనైనా పంపొచ్చు. ఆ ఖాళీని పూడ్చడానికి తర్వాత వచ్చినవే ఎస్‌పీఎఫ్ (ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (ఉత్తరం మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండూ తప్పితే ఏం చెయ్యాలో చెప్పే విధానం). వాటి సంగతి కింద వస్తుంది.

587, 465 పోర్టులు మాత్రం తెరిచే ఉన్నాయి. 25 సర్వరుకీ సర్వరుకీ మధ్య దారి. పేరు, పాస్‌వర్డు చెప్పి ‘ఈ ఉత్తరం నా తరఫున పంపించు’ అని ఒప్పజెప్పే దారి 587. 465 కూడా అదే పనికి, కాకపోతే మొదటి క్షణం నుంచే టీఎల్‌ఎస్ గుప్తీకరణతో. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 దాన్ని మళ్ళీ అధికారికం చేసింది.

అదే రాత్రి: ఎవరి చేత పంపించాలి

25 తెరిపించమని అర్జీ పెట్టుకుని నేరుగా మేమే పంపడం ఒక దారి. అప్పుడు ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఇంటర్నెట్ పేర్ల పట్టికలో ఆ ఐపీ ఎవరిదో చెప్పే నమోదు, ఉండాలి, ఆ ఐపీని పాత అద్దెదారు ఏ బ్లాక్‌లిస్టులోనూ వదిలివెళ్ళి ఉండకూడదు, కొత్త తరహా ఐపీ అయిన ఐపీవీ6 విషయంలో జీమెయిల్ ఇంకా పట్టుదలగా ఉంటుంది. రోజుకి పది ఇరవై మెయిళ్ళు పంపే గ్రంథాలయానికి ఇంత కాపలా మోసే మనుషులు లేరు.

ఎవరిదో ఒకరి జీమెయిల్ ఖాతా కోహాకి ఇచ్చెయ్యడం రెండో దారి. చాలా చోట్ల చేసేది ఇదే. మామూలు పాస్‌వర్డుతో వేరే ప్రోగ్రాములు లాగిన్ అయ్యే వీలుని గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలకి తీసేసింది. ఇప్పుడు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. రోజుకి 500 మంది పరిమితి మాకు సరిపోతుంది. నేను వద్దనుకోవడానికి కారణం వేరు. ఉత్తరం గ్రంథాలయం పేరుతో వెళ్ళాలి. ఒక వాలంటీరు ఖాతాతో వెళితే ఆ మనిషి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిన నాడు, లేదా పాస్‌వర్డు మార్చిన నాడు మెయిలు ఆగిపోతుంది. ఆ ఖాతాలో సొంత ఉత్తరాలు కూడా ఉంటాయి, దాని తాళం సర్వరు మీద పెట్టమని ఎవరినీ అడగకూడదు.

మూడో దారి రిలే, అంటే మన తరఫున మెయిళ్ళు పంపిపెట్టే సేవ. అమెజాన్ ఎస్‌ఈఎస్ ముంబయి రీజియన్ తీసుకున్నాను. వెయ్యి మెయిళ్ళకి 10 అమెరికన్ సెంట్లు, మా వాడకానికి నెలంతా కలిపినా టీ ఖర్చు కాదు.

కొత్త ఖాతా శాండ్‌బాక్సు అనే పరీక్ష దశలో మొదలవుతుంది. 24 గంటల్లో 200 మెయిళ్ళు, అదీ మనం ముందే ధ్రువీకరించిన చిరునామాలకే. బయటికి రావాలంటే దరఖాస్తు పెట్టాలి: ఏం పంపుతారు, చిరునామాలు ఎలా సేకరించారు, తిరిగొచ్చిన మెయిళ్ళని ఏం చేస్తారు. ఈ ప్రశ్నలు నాకు నచ్చాయి. జవాబు రాయడానికి మాస్టారూ నేనూ సభ్యత్వ ఫారం ముందేసుకుని కూర్చున్నాం. ఫారంలో మెయిలు గడి ఉంది గానీ, అది ఎందుకు అడుగుతున్నామో ఎక్కడా లేదు. కొత్త ఫారంలో ఒక వాక్యం చేర్చాం: ‘గడువు, రిజర్వు సమాచారం ఈ మెయిలుకి పంపడానికి నాకు సమ్మతమే’, పక్కన సంతకం. పాత సభ్యులు గ్రంథాలయానికి వచ్చినప్పుడు బల్ల దగ్గరే అడిగి రాయించుకుంటున్నాం.

ఆదివారం: మధ్యలో పోస్ట్‌ఫిక్స్ ఎందుకు

కోహా 20.11 నుంచి ఎస్‌ఎంటీపీ సర్వరు వివరాలు అడ్మినిస్ట్రేషన్ పేజీలోనే ఇవ్వొచ్చు. హోస్టు, పోర్టు, పేరు, పాస్‌వర్డు, టీఎల్‌ఎస్ ఇస్తే కోహా నేరుగా ఎస్‌ఈఎస్‌తో మాట్లాడుతుంది. తేలిక. అయినా నేను మధ్యలో, మా సర్వరు మీదే, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిలు సర్వరు పెట్టాను.

కోహా తన మెయిళ్ళని మెసేజ్ క్యూ అనే పట్టికలో రాసుకుంటుంది. వేళకి పనులు నడిపే క్రాన్ వచ్చి ఒక్కొక్కటీ పంపి, స్థితిని ‘పెండింగ్’ నుంచి ‘సెంట్’గానో ‘ఫెయిల్డ్’గానో మారుస్తుంది. ఆ క్షణంలో అవతలి సర్వరు అందకపోతే ఫెయిల్డ్ అని రాసి ముందుకి వెళ్ళిపోతుంది, దానంతటది మళ్ళీ ప్రయత్నించదు. పోస్ట్‌ఫిక్స్ అలా వదలదు. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాసిన ఈ సర్వరు 1998 నుంచి ఉంది. అవతల తాత్కాలికంగా అందకపోతే మెయిలుని తన క్యూలో దాచి, మొదట 5 నిమిషాలకి, తర్వాత విరామం పెంచుకుంటూ 5 రోజుల దాకా తడుతూనే ఉంటుంది. పైగా సర్వరు తన సొంత సమాచారం, అంటే బ్యాకప్ ఆగిపోయిందనో డిస్కు నిండిందనో చెప్పే మెయిళ్ళు కూడా ఇదే దారిన వెళ్తాయి.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్‌లో మార్చినవి కొన్నే. ఇనెట్ ఇంటర్‌ఫేసెస్‌ని లూప్‌బ్యాక్ ఓన్లీ (ఈ సర్వరు లోపలి నుంచి వచ్చేవే తీసుకో) చేశాను. దీంతో బయటివాళ్ళెవరూ మా సర్వరుని వాడుకుని మెయిళ్ళు పంపలేరు, అన్నిటికంటే ముఖ్యమైన వరస ఇదే. రిలేహోస్టు దగ్గర ఎస్‌ఈఎస్ ముంబయి చిరునామాని చతురస్ర బ్రాకెట్లలో పెట్టి, పక్కన 587. బ్రాకెట్లు పెట్టకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎంఎక్స్ రికార్డు (మెయిలు అందుకునే సర్వరు ఏదో చెప్పేది) వెతకడానికి పోతుంది. టీఎల్‌ఎస్ స్థాయి ‘ఎన్‌క్రిప్ట్’, అంటే గుప్తీకరణ కుదరకపోతే పాస్‌వర్డు అసలు బయటికి పోదు. ఎస్‌ఈఎస్ లాగిన్ ఉన్న సాసల్ పాస్‌వర్డు ఫైలు రూట్‌కి (సర్వరు నిర్వాహక ఖాతాకి) తప్ప ఎవరికీ కనబడకుండా 600 అనుమతి, తర్వాత దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్. ఎస్‌ఈఎస్‌లో ఎస్‌ఎంటీపీకి వేరే పేరు, పాస్‌వర్డు పుట్టించుకోవాలి. కన్సోల్ లాగిన్ వివరాలు ఇక్కడ పనిచేయవు, ఇస్తే 535 అని తిప్పికొడుతుంది.

స్వాక్స్ అనే పరికరంతో ఒక మెయిలు పంపాను. లాగ్‌లో 250 ఓకే, అంటే అవతలి సర్వరు తీసుకుందని, వచ్చింది. క్రాన్ పంపే మెయిళ్ళు మాత్రం 554తో తిరిగొస్తున్నాయి: చిరునామా ధ్రువీకరించలేదు అని. క్రాన్ ఉత్తరాలు రూట్ పేరుతో, సర్వరు సొంత హోస్టుపేరుతో వెళ్తాయి. ఎస్‌ఈఎస్ ఎరిగింది గ్రంథాలయం డొమైనుని మాత్రమే. పోస్ట్‌ఫిక్స్‌లో జెనరిక్ మ్యాప్స్ అనే పట్టికలో ఆ స్థానిక చిరునామాని డొమైను చిరునామాగా మార్చి రాయమని ఒక వరస చేర్చగానే కుదిరింది.

ఇక పరీక్ష. ఫైర్‌వాల్‌లో 587ని నేనే కాసేపు మూసి కోహా నుంచి మెయిలు పంపాను. కోహా తెర మీద ‘సెంట్’ అని పడింది. మెయిల్‌క్యూలో చూస్తే అదే ఉత్తరం పోస్ట్‌ఫిక్స్ దగ్గర ‘డిఫర్డ్’ అని కూర్చుంది. తలుపు తీసి క్యూని తట్టగానే వెళ్ళింది. పోయిన ఉత్తరం లేదు, అది సంతోషం. కోహా ‘సెంట్’కి అర్థం పక్క గదికి అప్పజెప్పానని మాత్రమే. బల్ల దగ్గర కూర్చునే చెల్లెమ్మకి ఇది చూపించాను. ‘‘అన్నా, అయితే సభ్యులు రాలేదంటే నేను దీన్ని నమ్మి వచ్చిందని వాదించకూడదన్నమాట’’ అంది. అంతే.

వారం మధ్యలో: పాత క్యూ

డెబియన్ ప్యాకేజీలో కోహాకి మెయిలు పంపే అనుమతి విడిగా ఇవ్వాలి. కోహా-ఈమెయిల్-ఎనేబుల్ అనే ఆదేశం ఇచ్చేదాకా 15 నిమిషాలకోసారి నడిచే క్రాన్ మన గ్రంథాలయాన్ని పక్కన పెట్టి పోతుంది. అన్నీ సరిగ్గా పెట్టాక కూడా మెయిళ్ళు పెండింగ్‌లోనే ఉంటున్నాయని తల పట్టుకునేవాళ్ళు మొదట చూడాల్సింది ఇదే.

ఆ ఆదేశం ఇచ్చే ముందు మెసేజ్ క్యూ పట్టిక తెరిచాను. కోహా నడుస్తున్న ఇన్నాళ్ళూ పుస్తకం ఇచ్చినప్పుడు, రిజర్వు అందినప్పుడు పుట్టిన నోటీసులన్నీ అందులో పెండింగ్‌గా పోగుపడి ఉన్నాయి. అనుమతి ఇచ్చిన మరుక్షణం అవన్నీ ఒక్కసారి బయల్దేరతాయి. ఎప్పుడో తిరిగిచ్చేసిన పుస్తకాల గురించి ఇవాళ ఉత్తరం వస్తే సభ్యులు గాభరా పడతారు. డేటాబేసు నకలు తీసి, పాతవన్నిటి స్థితినీ ‘డిలీటెడ్’గా మార్చాకే అనుమతి ఇచ్చాను.

ఇంకో జాగ్రత్త కూడా. సెండ్ ఆల్ ఈమెయిల్స్ టూ అనే సెట్టింగులో నా చిరునామా పెట్టాను. అది నిండి ఉన్నంతకాలం కోహా ఎవరికి పంపాలనుకున్నా ఉత్తరం నాకే వస్తుంది. అసలు సభ్యుల జాబితాతో, ఒక్క సభ్యుడినీ ఇబ్బంది పెట్టకుండా అన్నీ సరిచూసుకోవచ్చు.

చిరునామాల శుద్ధి

అందరూ తొందరగా దాటేసే పని ఇదేనని నా అభిప్రాయం. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నదీ ఇదే.

సభ్యుల వివరాలు పాత ఎక్సెల్ షీటు నుంచి వచ్చాయి. అందులో జీమెయిల్‌లో అక్షరాలు తారుమారైనవి, చివర డాట్ కామ్ బదులు డాట్ కాన్ అని పడినవి, మధ్యలో ఖాళీ ఉన్నవి, కామా పడినవి ఉన్నాయి. వీటిని పట్టుకోవడం కష్టం కాదు. డొమైను భాగాన్ని మాత్రం విడదీసి, ఒక్కో డొమైనుకి ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తే, ఒక్కరే ఉన్న వింత డొమైన్లన్నీ అడుగున కనబడతాయి.

కష్టమైనవి చూడ్డానికి శుభ్రంగా ఉన్నవి. గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోని ఫారంలో అప్పట్లో ఎంట్రీ చేసినవాళ్ళు ఏబీసీ అనో, నిల్ అనో పెట్టి పక్కన జీమెయిల్ అని కొట్టేశారు. ఆ చిరునామా లోకంలో ఎవరిదో నిజంగా ఉండి ఉండొచ్చు. మన సభ్యుడు ఏ పుస్తకం చదువుతున్నాడో ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంది. అలాగే ఒకే చిరునామా చాలామంది పిల్లల పేర్ల మీద ఉంది. ఆరా తీస్తే అది నెట్ సెంటరు వాళ్ళది. పరీక్షల దరఖాస్తులకి వాడినదే ఇక్కడా ఇచ్చేశారు. ఇవన్నీ తీసేసి ఆ గడి ఖాళీగా ఉంచాం. ఖాళీ గడికి నష్టం లేదు, మాస్టారు ఫోన్ చేస్తారు.

రిలే వైపు నుంచి కూడా ఈ శుద్ధి తప్పనిసరి. లేని చిరునామాల నుంచి తిరిగొచ్చేవి 5 శాతం దాటితే ఎస్‌ఈఎస్ ఖాతాని పరిశీలనలో పెడుతుంది, 10 శాతం దాటితే పంపడం ఆపెయ్యవచ్చు. తక్కువ మెయిళ్ళు పంపే మాలాంటి వాళ్ళకి నాలుగు చెడ్డ చిరునామాలు చాలు ఆ శాతం పెరగడానికి.

డీఎన్‌ఎస్

డీకిమ్ కోసం ఎస్‌ఈఎస్ మూడు సీనేమ్ రికార్డులు (మన పేరు నుంచి వాళ్ళ పేరుకి దారి చూపేవి) ఇస్తుంది. సంతకం తాళాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి, మారుస్తుంటారు. మనం తాళాన్ని టీఎక్స్‌టీ (మామూలు అక్షరాల) రికార్డులో పెట్టుకుంటే 2048 బిట్ల తాళం 255 అక్షరాల ముక్కలో పట్టక రెండుగా విరగ్గొట్టాల్సి వస్తుంది. సీనేమ్‌తో ఆ బాధ లేదు. డొమైను ప్యానెల్‌లో ఒక చిక్కు ఉంది. పేరు గడిలో పూర్తి పేరు అతికిస్తే కొన్ని ప్యానెళ్ళు చివర డొమైనుని ఇంకోసారి తగిలిస్తాయి. సేవ్ చేశాక ప్యానెల్‌ని కాకుండా డిగ్ అనే ఆదేశంతో బయటి నుంచి అడిగి చూడాలి.

ఎస్‌పీఎఫ్ దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. డొమైనుకి ఇదివరకే ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు ఉంది, కమిటీ మెయిల్‌బాక్సుల కోసం. ఒక పేరుకి రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉంటే రెండూ చెల్లవు, తప్పుడు రికార్డుగా లెక్క. ఉన్నదాంట్లోనే చేర్చుకుంటూ పోతే డీఎన్‌ఎస్ ప్రశ్నలు 10 దాటకూడదన్న పరిమితి ఉంది. పోస్టు కవరు మీద పంపినవారి చిరునామా ఒకటీ, లోపల ఉత్తరం పైన రాసుకున్న పేరు ఒకటీ ఉన్నట్టే మెయిలుకీ రెండు ‘ఫ్రమ్’లు ఉంటాయి. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీదది. ఎస్‌ఈఎస్‌లో కవరు చిరునామాకి మన డొమైను కింద ఒక సబ్‌డొమైను పెట్టుకోవచ్చు. దానికి ఒక ఎంఎక్స్, ఒక ఎస్‌పీఎఫ్ టీఎక్స్‌టీ ఇచ్చాను. అసలు డొమైను రికార్డుని ముట్టుకోలేదు. డీమార్క్ మామూలు పద్ధతిలో సబ్‌డొమైనుని, డొమైనుని ఒక ఇంటివాళ్ళగానే చూస్తుంది కాబట్టి పొంతన కుదిరింది.

డీమార్క్ మొదట ‘నన్’తో (తప్పినా ఏమీ చెయ్యొద్దు అని) పెట్టి, నివేదికలు వచ్చే చిరునామా ఇచ్చాను. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ రోజుకి 5000 దాటి పంపేవాళ్ళకి, యాహూ పెద్దఎత్తున పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి చేశాయి. చిన్నవాళ్ళకి మొదటి రెండిట్లో ఒకటి చాలు. అయినా మూడూ పెట్టడమే మేలు. గ్రంథాలయం డొమైను వాడుకుని సభ్యులని మోసం చేసే ఉత్తరాన్ని ఆపగలిగేది డీమార్కే.

జవాబు రాయగలగాలి

‘నో రిప్లై’ చిరునామా పెట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. ‘ఇంకో రెండు రోజులు ఉంచుకుంటాను మాస్టారూ’ అని సభ్యుడు ఆ మెయిలుకే జవాబు రాయగలగాలి. కోహాలో అడ్మిన్ చిరునామా గ్రంథాలయం పేరుతో, రిప్లై టూ మాస్టారు రోజూ చూసే పెట్టెకి, తిరిగొచ్చినవి నేను చూసే పెట్టెకి అని మూడిటినీ విడగొట్టాను.

ఓపాక్ (సభ్యులు చూసే కేటలాగు) బేస్ యూఆర్‌ఎల్ అనే సెట్టింగులో గ్రంథాలయం వెబ్ చిరునామాని హెచ్‌టీటీపీఎస్‌తో సహా నింపాలి. పాస్‌వర్డు మార్చుకునే మెయిల్లో లింకు దాన్నుంచే తయారవుతుంది.

తెలుగు ఉత్తరం

నోటీసుల నమూనాలు ఇంగ్లీషులో వస్తాయి. మా సభ్యులకి తెలుగులో వెళ్ళాలి. మాస్టారికి నా మొదటి వాక్యం చూపించాను: ‘మీరు ఈ పుస్తకాన్ని రేపటిలోగా వాపసు చేయవలెను.’

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. ‘‘ఇది నోటీసు బోర్డు భాష బాబూ. ఎదురుగా ఉంటే ఇలా అంటావా?’’

‘‘అనను మాస్టారూ.’’

‘‘మరి ఎలా అంటావో అలాగే రాయి. ముందు పుస్తకం పేరు చెప్పు, తర్వాత తేదీ చెప్పు. ఇంకా చదవడం కాకపోతే ఏం చెయ్యాలో చెప్పు. జరిమానా మాట ఇక్కడొద్దు, ఇంకా గడువు దాటలేదుగా.’’

తేలింది ఇది: ‘నమస్కారం. మీ దగ్గరున్న ఈ పుస్తకానికి గడువు రేపటితో అయిపోతుంది. చదవడం ఇంకా కాకపోతే ఈ మెయిలుకి జవాబు రాయండి, వేరేవాళ్ళు అడగకపోతే పొడిగిస్తాం.’ కింద పుస్తకం పేరు, రచయిత, తేదీ కోహాయే నింపుతుంది. తేదీ రూపం రోజు, నెల, సంవత్సరం వరసలో ఉండేలా సెట్టింగు మార్చాను. అమెరికా వరసలో ఉంటే 06/07 చూసి జూలై 6 అనుకునేవాళ్ళకి అది జూన్ 7 అవుతుంది.

సబ్జెక్టు వరసలో తెలుగు ఎలా ప్రయాణిస్తుందో తెలుసుకుంటే నమూనా రాసే పద్ధతే మారుతుంది. మెయిలు హెడర్లు ఆస్కీ (ఇంగ్లీషు) అక్షరాలకి పుట్టినవి. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతిలో మిగతా లిపులని ఆస్కీలోకి చుట్టి పంపుతారు. ఒక్కో చుట్ట 75 అక్షరాలు దాటకూడదు. అన్ని లిపులూ రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, బైట్లని ఆస్కీగా మార్చే బేస్64లో చుడితే 4 అక్షరాలు. గుర్తులకి పోయే 12 తీసేస్తే ఒక చుట్టలో పట్టేవి 15 తెలుగు కోడ్‌లు. గుణింతం గుర్తు, పొల్లు, సున్న కూడా విడివిడి కోడ్‌లే. ‘పుస్తకం’ అన్న ఒక్క మాటకే 7 అయిపోతాయి. అందుకే కాస్త పొడుగు సబ్జెక్టు రెండు మూడు చుట్టలుగా విరుగుతుంది. ఒక కోడ్ బైట్లు రెండు చుట్టల మధ్య విరగకూడదని ప్రమాణం చెబుతుంది. ఎక్కడైనా విరిగితే ఆ చోట నల్ల వజ్రంలో ప్రశ్న గుర్తు కనబడుతుంది. పొడుగు పేరున్న పుస్తకాలు ఏరి పంపి, జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ తెరిచి ఒక్కో చుట్టనీ విప్పి చూశాను. కోహా సరిగ్గానే విరుస్తోంది. అయినా సబ్జెక్టు పొట్టిగానే ఉంచాం: ‘రేపు గడువు’ అని, పక్కన పుస్తకం పేరు. ఫోన్ నోటిఫికేషన్లో కనబడేది ఎలాగూ మొదటి కొన్ని మాటలే.

ఉత్తరం లోపల ఒక వరస 998 బైట్లు దాటకూడదన్న నియమం కూడా ఉంది. తెలుగులో అది సుమారు 330 కోడ్‌లు, ఎంటర్ కొట్టకుండా రాసిన ఒక మంచి పేరా. బేస్64లోనో కోటెడ్ ప్రింటబుల్‌లోనో చుట్టి పంపితే సమస్య రాదు. మా ఉత్తరాల్లో ఆ పద్ధతిని చెప్పే హెడరు ఉందని చూసుకున్నాను.

ఎవరికి, ఏ వేళకి

గడువు ముందు మెయిలు రావాలంటే ప్రతి సభ్యుడి ఖాతాలో సందేశాల ఎంపిక ఉండాలి. సభ్యుల రకానికి డిఫాల్టు పెడితే అది కొత్తగా చేరేవాళ్ళకే పడుతుంది. పాతవాళ్ళకి కూడా పడాలంటే బారోయర్స్-ఫోర్స్-మెసేజింగ్-డిఫాల్ట్స్ అనే స్క్రిప్టు నడపాలి. సమ్మతి రాసిచ్చిన పాతవాళ్ళని వేరే సభ్యుల రకంలోకి మార్చి, ఆ రకానికే నడిపాను.

డెబియన్‌లో రోజువారీ పనులు ఉదయం 6:25కి నడుస్తాయి. సర్వరు గడియారం యూటీసీలో (గ్రీన్‌విచ్ సమయంలో) ఉంటే మనకది 11:55. అప్పటికి పిల్లలు కాలేజీలో, పెద్దవాళ్ళు పనుల్లో ఉంటారు. సర్వరు గడియారాన్ని భారత సమయానికి మార్చాక మెయిలు పొద్దున కాఫీ వేళకి చేరుతోంది.

వదిలాం

సెండ్ ఆల్ ఈమెయిల్స్ టూ ఖాళీ చేశాను. ముందు కమిటీ సభ్యులు, వాలంటీర్ల ఖాతాలకి. ప్రతి ఒక్కరి ఫోన్లో ఎక్కడ పడిందో అడిగి రాసుకున్నాం: ఇన్‌బాక్సా, స్పామా. జీమెయిల్‌లో ఒరిజినల్ తెరిస్తే పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడిటికీ ‘పాస్’ ఉంది. ఒకరిద్దరికి స్పామ్‌లో పడింది. కొత్తగా పంపడం మొదలుపెట్టిన డొమైనుకి ఇది మామూలే. స్పామ్ కాదని వాళ్ళు నొక్కాక తర్వాతివి ఇన్‌బాక్సుకే వచ్చాయి. ఆ తర్వాత సమ్మతి ఇచ్చిన సభ్యులందరికీ తెరిచాం.

రిజర్వు మెయిలు ఫలితం వెంటనే కనబడింది. పోటీపరీక్షల పుస్తకాల కోసం ఎదురుచూసే పిల్లలు కబురు చూసుకుని ఆ సాయంత్రానికే వచ్చేస్తున్నారు. రిజర్వు బల్ల మీద పుస్తకం నిలవడం లేదు.

డీమార్క్ నివేదికలు

ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు జిప్ అయి రోజుకొకసారి వస్తాయి. వాటిలో మా ఎస్‌ఈఎస్ వరసలన్నీ పాస్. మాకు తెలియని ఒక ఐపీ నుంచి మాత్రం మా డొమైను పేరుతో అప్పుడప్పుడూ మెయిళ్ళు పోతున్నాయి, రెండు పరీక్షల్లోనూ ఫెయిల్. వెతికితే అది ఎవరో మోసగాడు కాదు. గ్రంథాలయం పాత వెబ్‌సైటు ఇంకో చోట ఉంది, అందులోని ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం గ్రంథాలయం చిరునామాతో నేరుగా మెయిలు పంపుతోంది. విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్ళు పుస్తకాలు పంపిస్తామని రాసేది ఆ ఫారంలోనే. నివేదికలు చూడకుండా డీమార్క్ బిగించి ఉంటే ఆ ఉత్తరాలన్నీ స్పామ్‌లో పడేవి. ఆ ఫారాన్ని కూడా ఎస్‌ఈఎస్ ద్వారా పంపేలా మార్చాను. తర్వాతి నివేదికల్లో ఫెయిల్ వరసలు ఆగాయి. అప్పుడు డీమార్క్‌ని ‘క్వారంటైన్’కి (తప్పితే స్పామ్‌లో వెయ్యి అని) మార్చాను.

ఇప్పుడు

గడువు దాటిన నోటీసులు, కోహాలో ఓవర్‌డ్యూ అనేవి, ఇంకా తెరవలేదు. రిజిస్టరు నుంచి ఎక్కించిన పాత బకాయిల్లో పుస్తకం నిజంగా సభ్యుడి దగ్గరుందా, అలమరాలోనే ఉండి ఎంట్రీ మిగిలిపోయిందా అని తేల్చాలి. మాస్టారూ చెల్లెమ్మా అలమరాల దగ్గర జాబితా పట్టుకుని చూస్తున్నారు. ఈ నోటీసులని సభ్యుల రకాన్ని బట్టి విడివిడిగా తెరవొచ్చు గనక, జాబితా సరిచూడటం పూర్తయిన రకానికి ముందు తెరుస్తాను. ఎస్‌ఈఎస్ పాస్‌వర్డు ఎలా మార్చాలి, డీఎన్‌ఎస్ ప్యానెల్ ఎవరి పేరు మీదుంది, లాగ్ ఎక్కడ చూడాలి అన్న వివరాలు రెండు పేజీల్లో తెలుగులో రాసి కమిటీ ఫైల్లో పెట్టాను.